టాపెట్ కవర్ ప్యాకింగ్ లీకైతే ఇంజన్ దించక్కర్లేదు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. 2013 మోడల్ పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లు, 82,000 కిలోమీటర్లు తిరిగింది. చెన్నైలో షోళింగనల్లూరు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా లోపలికి మాడు వాసన వస్తోంది. బానెట్ ఎత్తితే ఇంజన్ వెనక వైపు తడిగా ఉంది. ఒక గ్యారేజీలో చూపిస్తే "హెడ్ గాస్కెట్ పోయింది, ఇంజన్ ఇరక్కణుం (దించాలి) సార్" అని 28,000 అడిగారు. ఇంకొకాయనేమో "బోల్టులు ఇంకాస్త గట్టిగా బిగిస్తే సరిపోతుంది" అన్నాడు. ఎవరి మాట నమ్మాలి, ఈ పని నేనే చేసుకోగలనా అని అడిగావు.

ఇద్దరి మాటా నమ్మకు. మొదటాయన చెప్పింది అవసరం లేని పని. రెండో ఆయన చెప్పింది ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది తేలిగ్గా కనిపిస్తుంది, నువ్వు ఇంటికెళ్ళి నిజంగానే బిగించేస్తావు. నీ ఫోటోలో తడి టాపెట్ కవర్, అంటే ఇంజన్ నెత్తిన ఉండే మూత, అంచు దగ్గర మొదలై కిందికి జారింది. ఇంజన్ పైభాగమైన హెడ్డు, కింది భాగమైన బ్లాకు కలిసే గీత దానికి చాలా కింద ఉంటుంది. నేను గూడూరు నుంచి వచ్చి అంబత్తూరులో ఒక షెడ్డులో హెల్పర్‌గా చేరి 31 ఏళ్ళయింది. ఈ తడి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నూటికి నూరు పాళ్ళు ఇదేనని ఫోటో చూసి చెప్పను గానీ, ముందు అనుమానించాల్సింది మాత్రం టాపెట్ కవర్ ప్యాకింగ్‌నే. పుస్తకాల్లో వాల్వ్ కవర్ గాస్కెట్ అంటారు. కొట్లో ఆ పేరు చెప్పినా ఇస్తారు గానీ, టాపెట్ కవర్ ప్యాకింగ్ అంటే ఇంకా తొందరగా ఇస్తారు.

ఈ రెండు ప్యాకింగులకీ తేడా తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. హెడ్ గాస్కెట్ అనేది సిలిండర్‌లో పెట్రోల్ పేలే చోట ఉంటుంది. అక్కడి ఒత్తిడినీ, పక్కనే పారే కూలెంట్‌నీ, ఆయిల్‌నీ ఒకదానితో ఒకటి కలవకుండా ఆపేది అదే. అది పోతే కూలెంట్ తగ్గిపోతుంది, టెంపరేచర్ ముల్లు లేస్తుంది, వెనక తెల్లపొగ వస్తుంది, ఆయిల్ మజ్జిగలా మారుతుంది. నీ కారులో వీటిలో ఒక్కటీ లేదని నువ్వే రాశావు. టాపెట్ కవర్ ప్యాకింగ్ బతుకు వేరు. ఇంజన్ నెత్తిన వాల్వుల్ని నడిపే కామ్‌షాఫ్ట్ తిరుగుతూ చిమ్మే ఆయిల్ బయటికి రాకుండా పట్టుకోవడమే దాని పని. అక్కడ పంపు ఒత్తిడి ఉండదు, చిమ్మిన ఆయిల్ దానంతటదే కింద ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి దిగిపోతుంది. సాంబారు గిన్నె మీద మూత లాంటిది. మూత కింది రబ్బరు మార్చడానికి పొయ్యిని పెకలించరు కదా.

అలాగని తేలిగ్గా తీసుకోకు. నీ ఇంజన్‌కి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే కాలిన పొగ బయటికి పోయే గొట్టాలు, వెనక వైపు ఉంది. కారే ఆయిల్ సరిగ్గా దాని మీద పడుతోంది, అందుకే ఆ వాసన. రోడ్డు మీద పోతున్నప్పుడు గాలికి తెలియదు, సిగ్నల్ దగ్గర ఆగగానే తెలుస్తుంది. ఏసీని లోపలి గాలే తిరిగేలా పెట్టి చూడు, వాసన తగ్గితే అది బానెట్ కింది నుంచి వస్తున్నట్టే. ఇంజన్ ఆయిల్ సుమారు 200 డిగ్రీలు దాటితే దాని ఆవిరి అంటుకునే స్థితికి వస్తుంది. మానిఫోల్డ్ వేడి అంతకంటే చాలా ఎక్కువ. చుక్కలుగా పడితే వాసన, పొగతో పోతుంది. ధారగా పడితే మంట దాకా వెళ్ళవచ్చు. కాబట్టి ఈ నెలలోనే చేయించు. నెలనెలా నెల్లూరు వెళ్తానన్నావు, ఈసారి వెళ్ళేలోపే అయిపోవాలి.

ముందు లీకు ఎక్కడిదో ఖాయం చేసుకో. ఇంజన్ పూర్తిగా చల్లారాక, తడి ఉన్న చోటంతా జిడ్డు వదిలించే డిగ్రీజర్ కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచెయ్. పెట్రోల్‌తో మాత్రం కడగకు. మా మేస్త్రి కాలంలో మగ్గుతో పెట్రోల్ పోసి కడిగేవాళ్ళు, ఇప్పుడు తలుచుకుంటే నాకు భయమేస్తుంది. నీళ్ళ ప్రెషర్ గన్ కూడా వద్దు, ప్లగ్గులకి కరెంటు పంపే కాయిళ్ళలోకి, కనెక్టర్లలోకి నీళ్ళు పోతే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే. ఆరాక కవర్ అంచు చుట్టూ, దాని కింద హెడ్డు గోడ మీద, ముఖానికి రాసుకునే టాల్కం పౌడర్ పలచగా చల్లు. మామూలుగా రెండు రోజులు ఆఫీసుకి తిరుగు. మూడో రోజు టార్చి వేసి చూస్తే పౌడర్ మీద ఆయిల్ దారి గీసినట్టు కనిపిస్తుంది. ఆయిల్ కిందికి జారుతుంది, ఫ్యాను గాలికి వెనక్కి పాకుతుంది. అందుకే ఎక్కడ ఎక్కువ తడి ఉంది అని చూడకు, అన్నిటికంటే ఎత్తున ఎక్కడ తడి మొదలైంది అని చూడు.

అలా చూస్తే ఒక్కోసారి కవర్ నిర్దోషి అని తేలుతుంది. ఆయిల్ పోసే మూత కింది రబ్బరు గట్టిపడి కారుతుంది, దాని ఖరీదు ఒక టిఫిన్ అంత. కామ్ సెన్సర్ ఓరింగ్ (చిన్న రబ్బరు రింగు), వాల్వుల టైమింగ్ మార్చే వీవీటీ వాల్వు ఓరింగ్ కూడా అక్కడే చుట్టుపక్కల ఉంటాయి, కారితే అచ్చం టాపెట్ కవర్ లీకులాగే కనిపిస్తాయి. ఒకసారి నేనే ఈ పరీక్ష చెయ్యకుండా ఒకాయన కారుకి ప్యాకింగ్ మార్చేశాను. వారానికి మళ్ళీ తడి. చివరికి చూస్తే సెన్సర్ ఓరింగ్. ఆయన పెద్దమనిషి, ఏమీ అనలేదు. నేను మాత్రం ఆ రోజు కూలి తిరిగి ఇచ్చేశాను.

ఇక ప్యాకింగ్ ఎందుకు పోయింది? ఎక్కువ కారులకి కారణం వయసే. రబ్బరు రోజూ వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి గట్టిపడుతుంది. కొత్తప్పుడు దాని అంచు గుండ్రంగా, గీతలు తేలి ఉంటుంది. పదేళ్ళు నొక్కుడులో ఉన్నాక పైభాగం చదునైపోతుంది, వదిలినా లేవదు, గోరు గుచ్చితే దిగదు. మా ఊరి రోడ్ల మీద ఇది ఇంకా తొందరగా జరుగుతుంది, ఎందుకంటే కిలోమీటర్లు తక్కువ కనిపించినా ఇంజన్ తిరిగిన గంటలు ఎక్కువ. నువ్వు తిరిగే ఓఎంఆర్ రోడ్డు మీద గంటకి 20 సగటు అనుకుంటే నీ 82,000 కిలోమీటర్లకి ఇంజన్ 4,000 గంటలకి పైగా తిరిగినట్టు. అదే హైవే మీద గంటకి 60 చొప్పున తిరిగిన కారుకి 1,400 గంటలు కూడా దాటవు. పైగా ఇక్కడ మే నెల కత్తిరి ఎండల్లో ఏసీ వేసుకుని బంపర్‌కి బంపర్ ఆనించి పాకుతాం. బానెట్ కింద రబ్బరు ఉడికిపోక ఏం చేస్తుంది?

ఇంకో కారణం కూడా ఉంది. చాలామంది దాన్ని చూడరు, చూడకపోతే కొత్త ప్యాకింగ్ కూడా కొన్నాళ్ళకే కారుతుంది. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాసు కిందికి జారడం ఏ ఇంజన్‌లోనైనా ఉంటుంది. ఆ గ్యాసుని మళ్ళీ ఇన్‌టేక్‌లోకి లాగేందుకు పీసీవీ వాల్వు, దానికో పైపు ఉంటాయి. అది మడ్డి పట్టి మూసుకుపోతే గ్యాసు లోపలే పేరుకుని, ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడి నుంచి ఆయిల్‌ని బయటికి నెడుతుంది. చూడ్డం తేలిక. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పలచటి ప్లాస్టిక్ కవరు పెట్టు. కాస్త లోపలికి లాగినట్టు ఉంటే మంచిదే. బెలూన్‌లా ఉబ్బితే లోపల ఒత్తిడి ఉంది. అప్పుడు పీసీవీ వాల్వు విప్పి చెవి దగ్గర ఊపు, టకటకమని లోపల ఆడాలి. ఆడకపోతే మార్చెయ్, పెద్ద ఖరీదేం కాదు. కొన్ని ఇంజన్లలో అది కవర్‌లోనే కలిసిపోయి ఉంటుంది, అలాంటప్పుడు కవర్ మొత్తం మార్చాలి. వాల్వు మార్చినా ఇంకా ఉబ్బుతోందంటే రింగుల కథ, అది ఈ సమాధానంలో తేలేది కాదు.

సామాను గురించి. జీపీ రోడ్డుకి వెళ్ళు, జనరల్ ప్యాటర్స్ రోడ్డు అంటారు, మౌంట్ రోడ్డు పక్కనే. ఆర్సీ ఫోటో ఫోన్‌లో పెట్టుకో, ఛాసిస్ నంబర్ చూపించి అడుగు. ఒకే పేరుతో అమ్మిన కారుకే రెండు మూడు రకాల ఇంజన్లు వచ్చి ఉంటాయి, పేరు చెప్పి తెచ్చుకుంటే ఒక చెవి ఎక్కువో తక్కువో అవుతుంది. ప్యాకింగ్‌తో పాటు ప్లగ్గులు దిగే గొట్టాల చుట్టూ ఉండే నాలుగు రబ్బరు సీళ్ళు, బోల్టుల కింద ఉండే రబ్బరు వాషర్లు కూడా అడిగి తీసుకో. కొన్నిటికి సెట్‌గానే వస్తాయి. ఇక్కడ నాలుగు వందలు మిగుల్చుకుందామని చవకది కొనకు. పని మొత్తంలో ఖర్చు అదొక్కటే, అదే లోపల ఉండిపోయేది కూడా. మంచి ప్యాకింగ్‌ని మెలితిప్పి వదిలితే వెంటనే తన ఆకారానికి వస్తుంది, అతుకు దగ్గర పోగులు వేలాడవు. ఒకవేళ కవరే పగిలి ఉంటే పుదుపేటలో పాత కవర్ దొరుకుతుంది, వాడుకోవచ్చు. పాత ప్యాకింగ్ మాత్రం ఎవడు ఊరికే ఇచ్చినా తీసుకోకు.

పనిముట్లు ఎక్కువేం అక్కర్లేదు. 10 నంబర్ సాకెట్, పొడుగు ఎక్స్‌టెన్షన్, చిన్న రాట్చెట్, ప్లయర్, బిగువు ఎంతో కొలిచే ఒక చిన్న టార్క్ రెంచ్. చిన్నది అని ఎందుకన్నానంటే, చక్రాలకి వాడే పెద్ద రెంచ్ దీనికి పనికిరాదు. చక్రం నట్టుకి దాదాపు 100 న్యూటన్ మీటర్లు బిగిస్తాం. ఈ కవర్ బోల్టులు సన్నవి, వీటికి మామూలుగా 8 నుంచి 11. అంటే పదో వంతు. నీ ఇంజన్ సర్వీస్ మాన్యువల్‌లో ఏ అంకె ఉందో అదే ఖాయం. పావు అంగుళం డ్రైవ్ ఉన్న, 5 నుంచి 25 దాకా కొలిచే రెంచ్ తెచ్చుకో. కొనలేకపోతే తెలిసిన షెడ్డులో ఒక పూటకి అడుగు.

పొద్దున్నే మొదలుపెట్టు. రాత్రంతా చల్లారిన ఇంజన్ అయితే చెయ్యి కాలదు, ఎండెక్కేలోపు సగం పని అవుతుంది. ఆయిల్ దించక్కర్లేదు, ఆయిల్ మట్టం ఈ కవర్‌కి చాలా కింద ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ తీసెయ్. పైన ప్లాస్టిక్ కవర్ ఉంటే తీసి, ఎయిర్ ఫిల్టర్ గొట్టం విప్పు. విప్పేసిన గొట్టం నోటికి గుడ్డ కుక్కు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, విప్పే ప్రతి దశకీ ముందు ఫోన్‌తో ఫోటో తీస్తూ పో. నాకు అలవాటైన ఇంజనైనా నేనూ తీస్తాను.

కాయిళ్ళు విప్పేటప్పుడు తొందరపడకు. కనెక్టర్ ప్లాస్టిక్ పదేళ్ళ వేడికి అప్పడంలా అయిపోయి ఉంటుంది. లాక్ మీద చిన్న స్క్రూడ్రైవర్‌తో నొక్కి, కనెక్టర్‌ని పట్టుకుని లాగు, వైరుని పట్టుకుని లాగకు. నాలుగు కాయిళ్ళకీ 1, 2, 3, 4 అని మార్కర్‌తో రాసుకో. తీసిన చోటే మళ్ళీ పెడితే, రేపు మిస్ఫైర్ వచ్చి స్కానర్‌లో పీ0302 అని పడితే రెండో సిలిండర్ కాయిల్ ఏదో వెతుక్కోనక్కర్లేదు. కాయిల్ పైకి వచ్చినప్పుడు దాని కింది రబ్బరుకి ఆయిల్ అంటుకుని ఉందేమో చూడు. ఉంటే గొట్టం సీలు కూడా పోయినట్టే. గుడ్డ చుట్టిన పుల్లతో ఆ గుంతలోని ఆయిల్ అద్దేసెయ్. రబ్బరు ఉబ్బి మెత్తబడి ఉంటే అదీ మార్చాలి. ప్లగ్గులు మాత్రం విప్పకు, అలాగే ఉండనీ. అవి ఉన్నంతసేపూ సిలిండర్‌లోకి ఏదీ పడదు.

ఇప్పుడు శుభ్రం. కవర్ లేపకముందే చేయాల్సిన పని ఇది. మీ వైపు ఎటు చూసినా కొత్త బిల్డింగులే, బానెట్ కింద ఇసుక, సిమెంటు దుమ్ము గ్యారంటీగా ఉంటుంది. పెయింట్ బ్రష్‌తో దులిపి, కవర్ అంచు గాడిలో ఉన్న దుమ్మంతా తుడువు. బంతికి గాలి కొట్టే పంపు ఉంటే బోల్టు గుంతల్లోకి నాలుగుసార్లు కొట్టు. ఈ పావుగంట ఎవరూ పెట్టరు. లేపిన తర్వాత ఆ ఇసుక కామ్‌షాఫ్ట్ మీద పడితే తీసేవాడు ఎవడూ ఉండడు.

బోల్టుల్ని బయటి నుంచి లోపలికి, ఒక్కోదాన్ని అర చుట్టు చొప్పున వదులు చేస్తూ రా. అన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక మిఠాయి డబ్బా మూత మీద కవర్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టు. లెక్కపెట్టి మూత మీద అంకె రాసుకో. పని అయ్యాక ఒక బోల్టు మిగిలినా, ఒకటి తగ్గినా, నిద్ర పట్టదు.

కవర్ అతుక్కుపోయి రాకపోతే చెక్క ముక్క అడ్డం పెట్టి పక్కల నుంచి మెల్లగా తట్టు. స్క్రూడ్రైవర్ దూర్చి తన్నకు. హెడ్డు అల్యూమినియం, ఒక్క గీత పడితే చాలు, రేపటి లీకు అక్కడి నుంచే మొదలవుతుంది. కవర్ పైకి రాగానే కామ్‌షాఫ్ట్‌ల మీద, ముఖ్యంగా టైమింగ్ చెయిన్ దిగే గొయ్యి మీద శుభ్రమైన గుడ్డ కప్పు. కొట్లో అమ్మే కాటన్ వేస్ట్ వాడకు. దాని పోగులు ఆయిల్‌లో కలిసి కింద చాంబర్‌లో పంపు జల్లెడకి పట్టుకుంటాయి. పాత లుంగీ చింపుకో. ఉతికి ఉతికి మెత్తబడ్డ లుంగీ గుడ్డ పోగు వదలదు, మా షెడ్డులో ఇప్పటికీ అదే.

పాత ప్యాకింగ్ గట్టిపడి ఉంటే పెంకుల్లా విరుగుతుంది. ముక్కలన్నీ తీసి పక్కన పేర్చి చూడు, చుట్టు పూర్తి కావాలి. గాడిని బ్రేక్ క్లీనర్‌తో తడిపిన గుడ్డతో తుడువు. హెడ్డు మీది పాత సిలికాన్‌ని పాత ఏటీఎం కార్డుతో గీకు, ఇనుప బ్లేడు వద్దు. నీ కవర్ ప్లాస్టిక్‌దైతే, చదునుగా ఉన్న గాజు మీద బోర్లించి చూడు. ఎక్కడైనా లేచి ఊగుతుంటే కవర్ వంగింది, దానికి కొత్త ప్యాకింగ్ వేసినా దండగే.

కొత్త ప్యాకింగ్‌ని గాడిలో పొడిగా కూర్చోబెట్టు. గ్రీజు వద్దు, ఆయిల్ వద్దు, చుట్టూ సిలికాన్ అస్సలు వద్దు. నేను హెల్పర్‌గా ఉన్న రోజుల్లో అతి తెలివితో చేసిన పని చెప్తాను. ఒక కారుకి లీకు మళ్ళీ రాకూడదని ప్యాకింగ్‌కి రెండు వైపులా, చుట్టూ, సిలికాన్ పేస్ట్ బొటనవేలి మందాన పూశాను. లీకు ఆగింది. ఆరేడు నెలలకి ఆ కారు ఆయిల్ లైటు వెలుగుతోందని వచ్చింది. చాంబర్ దించితే పంపు జల్లెడ నిండా సేమ్యాలా సిలికాన్ పోగులు. బయటికి ఎంత పిండితే లోపలికీ అంతే పిండుతుంది, లోపలిది ఊడి పోయేది అక్కడికే. మేస్త్రి తిట్టలేదు, ఆ జల్లెడ నా చేతిలో పెట్టి శుభ్రం చెయ్యమన్నాడు. సాయంత్రం దాకా పట్టింది.

సిలికాన్ పెట్టాల్సిన చోట్లు వేరే ఉన్నాయి, అక్కడ పెట్టకపోతే కారుతుంది. టైమింగ్ చెయిన్ వైపు, ముందు కవరూ హెడ్డూ కలిసే గీత రెండు చోట్ల పైకి వచ్చి తేలుతుంది. మూడు భాగాలు ఒకేచోట కలుస్తాయి కాబట్టి అక్కడ సన్నటి సందు ఉంటుంది. ఆ రెండు చోట్లా పెసరగింజంత. కొన్ని ఇంజన్లకి కామ్‌షాఫ్ట్ చివర అర్ధచంద్రం ఆకారంలో రబ్బరు ముక్క కూర్చుంటుంది, దాని రెండు మూలల్లోనూ అంతే. పూసిన పది నిమిషాల్లోపు కవర్ దించి బోల్టులు పట్టించాలి, లేకపోతే పైన పొర కట్టేస్తుంది. దించేటప్పుడు ఇంకో మనిషి ఉంటే మంచిది. నువ్వు కవర్‌ని నిటారుగా దించు, వాళ్ళు వెనక వైపు ప్యాకింగ్ గాడిలోంచి జారి వేలాడుతోందేమో టార్చితో చూడాలి. వెనక వైపు మనకి కనపడదు, అక్కడే మడత పడుతుంది. ఒకసారి దించాక అటూ ఇటూ జరపకు.

బిగించడం. బోల్టులన్నీ ముందు వేళ్ళతో తిప్పి దించు. వేళ్ళకి రాకపోతే మరలు తప్పాయి, వెనక్కి తిప్పి మళ్ళీ పట్టించు. తర్వాత మధ్య బోల్టుతో మొదలుపెట్టి, ఎదురెదురుగా, బయటికి వెళ్తూ సగం బిగువు. రెండో చుట్టులో అదే వరసలో పూర్తి టార్క్. రెంచ్ టక్ అనగానే ఆపెయ్. "ఇంకొంచెం" అనిపిస్తుంది, ఖాయంగా అనిపిస్తుంది. ఆ ఇంకొంచెం దగ్గరే ఇంజన్లు పాడవుతాయి. రబ్బరు నొక్కుడు సరిగ్గా ఉన్నప్పుడే ఆయిల్ ఆపుతుంది. అతిగా నొక్కితే బోల్టుల దగ్గర నలిగి, రెండు బోల్టుల మధ్య కవర్ విల్లులా లేచి, అక్కడి నుంచి కారుతుంది. గట్టిగా బిగించమన్న ఆయన మాట విని నువ్వు బిగించి ఉంటే లీకు పెరిగేది, లేదా ప్లాస్టిక్ కవర్ చిట్లేది, లేదా అల్యూమినియంలో మర ఊడిపోయేది. మర ఊడితే కొత్త మర ఇన్సర్ట్ వేయించాలి. బోల్టు విరిగితే ముక్కని డ్రిల్లు చేసి తీయాలి. రెండూ ఇంట్లో చేసే పనులు కావు.

టార్క్ రెంచ్ అసలు దొరక్కపోతే, చిన్న రాట్చెట్ తల మీద పిడికిలి పెట్టి మణికట్టుతోనే తిప్పు, హ్యాండిల్ చివర పట్టుకోకు. 10 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 10 కిలోల బలానికే 10 న్యూటన్ మీటర్లు వచ్చేస్తాయి. బియ్యం సంచీ మోసే బలం కాదు అది, చిన్న పిల్లాణ్ణి ఎత్తుకునే బలం.

పెద్దవాళ్ళెవరైనా "ఇంజన్ వేడెక్కాక మళ్ళీ ఒకసారి బిగించాలి" అని చెప్తారు. అది వాళ్ళ కాలానికి సరైన మాటే. అంబాసిడర్‌కి అక్కడ కార్క్ ప్యాకింగ్ ఉండేది. కార్క్ వేడికి అణిగిపోతుంది, మళ్ళీ బిగిస్తేనే నిలిచేది. మేమూ అలాగే చేసేవాళ్ళం. ఇప్పటి అచ్చు రబ్బరుకి ఆ పని చెయ్యకూడదు. ఒక్కసారి సరిగ్గా బిగించి వదిలెయ్యాలి.

మిగతావి తీసిన వరసకి ఎదురు వరసలో పెట్టు. కవర్‌లోని గ్యాసు వెళ్ళే బ్రీదర్ పైపు క్లిప్పు మరిచిపోతారు చాలామంది, మరిచిపోతే ఐడ్లింగ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఏదో పాడు చేశానని గుండె జారుతుంది. సిలికాన్ ఆరడానికి రాత్రంతా వదిలి, మర్నాడు పొద్దున స్టార్ట్ చెయ్. పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి టార్చితో చుట్టూ చూడు. మాడు వాసన ఇంకా రెండు మూడు రోజులు వస్తుంది, భయపడకు. మానిఫోల్డ్ మీద, దాని రేకు కవచం లోపల ఇదివరకు కారిన ఆయిల్ ఉంటుంది, అది కాలిపోయేదాకా అంతే. ఆయిల్ మట్టం డిప్‌స్టిక్‌తో చూసి తగ్గితే పోసుకో. ఇన్నాళ్ళు కారింది కాబట్టి తగ్గే ఉంటుంది.

నువ్వు చేసుకోగలవా అన్నావు. కారులో బల్బు, ఎయిర్ ఫిల్టర్ సొంతంగా మార్చుకున్నానన్నావు కాబట్టి ఓపికుంటే చేసుకోగలవు, మొదటిసారి ఐదారు గంటలు పట్టినా ఫర్వాలేదు. నీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఒప్పుకోకపోతే, ఇదే పని చేసే చిన్న షెడ్డుకి ప్యాకింగ్ నువ్వే తీసుకెళ్ళి, పక్కన నిలబడి చేయించు. సిలికాన్ ట్యూబు బయటికి తీయగానే ఎక్కడెక్కడ పెడుతున్నారో అడుగు. డీజిల్ కారు ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే మాత్రం, మీ ఇంజెక్టర్లు కవర్ గుండా దిగి ఉంటే దాని జోలికి వెళ్ళకండి. ఆ పైపుల్లో ఒత్తిడి 1,000 బార్ దాటుతుంది, చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అలాగే నీ ఇంజన్‌కి చెయిన్ కాబట్టి సరే గానీ, రబ్బరు టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్‌లో ఆయిల్ బెల్టు మీదికి కారి ఉంటే బెల్టు కూడా మార్చాల్సిందే.

28,000 చెప్పిన చోటికి మళ్ళీ వెళ్ళి గొడవ పడకు. తెలియక చెప్పాడో, తెలిసే చెప్పాడో మనకెందుకు. కారు అక్కడే వదిలి వచ్చి ఉంటే మాత్రం ఈ పూటే తెచ్చేసుకో.

పని అయ్యాక నెల్లూరు వెళ్ళేటప్పుడు తడ దాటి ఎక్కడైనా టీకి ఆగుతావు కదా. చెన్నై నుంచి అప్పటికి వంద కిలోమీటర్ల లోపే, ఇంజన్ బాగా వేడెక్కి ఉంటుంది. బానెట్ ఎత్తి, మానిఫోల్డ్‌కి చెయ్యి తగలకుండా, పొడుగు పుల్లకి తెల్ల టిష్యూ చుట్టి కవర్ వెనక అంచు కింద ఒకసారి రాయి. టిష్యూ తెల్లగా వస్తే మూత వేసి టీ తాగు. గోధుమ రంగు మరక పడితే ఎక్కడ పడిందో ఫోటో తీసి పంపు, ఆ మూల సంగతి చూద్దాం.